అటు అంగుళం, ఇటు అంగుళం

పైడిరాజు లెక్క ఎన్నడూ తప్పలేదు. అందుకే ఆ రోజు అతనికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మద్రాసులో, ఫిల్ము కడిగే లాబ్ వాళ్ళ చిన్న థియేటరు. తెర మీద ముసలి నటి రాజరత్నమ్మ ముఖం. చచ్చిపోయిన కొడుకు చొక్కా ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. కాసేపు ఆమె ముఖంలో ప్రతి ముడతా కనిపించింది. తరవాత ఆమె చొక్కాను ముక్కు దగ్గరకు తీసుకుంటూ ముందుకు వంగింది. అంతే, ముఖం మసకైపోయింది. చివరిదాకా మసకే.

మళ్ళీ తీద్దామంటే రాజరత్నమ్మ లేదు. ఆ షాటు ఇచ్చిన మూడో రోజున పోయింది. ప్రింటు వచ్చేసరికి చితి కూడా చల్లారింది.

లైట్లు వేశారు.

"ఫోకస్ ఎవరు చూశారు?" అన్నాడు డైరెక్టరు.

"కెమెరామన్‌ని నేను. తప్పు నాది," అన్నాడు మస్తానయ్య.

డైరెక్టరు ఆ షాటు తీసెయ్యమని ఎడిటరుకు చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఫోకస్ చూసింది పైడిరాజు. ఆరేళ్ళుగా మస్తానయ్య దగ్గర అతని పని అదే. నటుడి కంటి నుంచి కెమెరా దాకా టేపుతో కొలవడం, ఆ దూరానికి లెన్సు రింగు తిప్పడం. చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు పుస్తకంలో ఫోకస్ దూరాల పట్టికలు ముక్క అర్థం కాకుండానే నోటుబుక్కులోకి దించుకున్నాడు. అంకెలన్నీ కంఠతా పట్టాడు. కడుపు మాడ్చుకుని సంపాదించిన విద్య పొగరు తెస్తుంది. తేకుండా ఎట్లా ఉంటుంది?

మధ్యాహ్నం ఆ నోటుబుక్కు పట్టుకుని షూటింగ్ ఫ్లోరుకు వెళ్ళాడు. సెట్టు విప్పేస్తున్నారు. గోడల్లో సగం అప్పుడే నేల మీద పడి ఉన్నాయి. మస్తానయ్య ఒక పెట్టె మీద ఒంటరిగా కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"గురువుగారూ, మీరు నన్ను కాపాడక్కర్లేదు. నా లెక్క చూడండి."

"చెప్పు."

"ఎనభై అయిదు లెన్సు. ఎపర్చరు రెండు. దూరం ఆరున్నర అడుగులు. ఆ దూరంలో నాకు స్పష్టంగా దొరికేది అటు అంగుళం, ఇటు అంగుళం. అది దాటితే మసకే. ఇంకో రెండు లైట్లు వేసి, లెన్సు రంధ్రం తగ్గించి ఎపర్చరు నాలుగు ఇవ్వండని ఆ రోజే అడిగాను. రెట్టింపు దొరికేది."

"ఆమె కళ్ళకు ఆపరేషనయిందిరా. లైటు పెంచితే నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళు ఏడుపు కాదు."

"అయితే ఆవిడ గుర్తు మీద కూర్చోవాలి కదా! సుద్దతో గీసి మరీ చెప్పాను. గుర్తు దాటి వంగింది ఆవిడ. తప్పు ఆవిడది."

మస్తానయ్య బీడీ నేలకేసి నలిపాడు.

"రిహార్సల్లో ఆమె నీతో ఏందో అనింది. ఏమనింది?"

పైడిరాజు కాస్త తడబడ్డాడు. "'చొక్కా చేతికొచ్చాక నేనెట్లా ఉంటానో నాకే తెలీదు బాబూ, కాస్త చూసుకో' అంది."

"నువ్వేమన్నావు?"

"'మీరు గుర్తు మీద కూర్చోండమ్మా చాలు, మిగతాది నా లెక్క' అన్నాను."

"షాటు నడిచేటప్పుడు ఎక్కడ చూస్తుండావు?"

"రింగు మీద గీత. రెప్ప కూడా వెయ్యలేదు గురువుగారూ."

మస్తానయ్య లేచాడు. రాజరత్నమ్మ కూర్చున్న స్టూలు ఇంకా సుద్ద గుర్తు మీదే ఉంది.

"కూర్చో."

పైడిరాజు కూర్చున్నాడు. మస్తానయ్య తోలు డబ్బాలోంచి గుడ్డ టేపు లాగి, కొస అతని చేతికిచ్చాడు. "కంటి కింద పట్టుకో. వదలబాక." తను టేపు వదులుతూ వెనక్కి నడిచి, కెమెరా ఉన్న చోట నిలబడ్డాడు. టేపు బిగిసింది.

"ఎంతుంటుంది?"

"ఆరున్నర," అన్నాడు పైడిరాజు, చూడకుండానే.

"ఆరున్నరే." మస్తానయ్య టేపు వదల్లేదు. "పోయినేడు మీ తమ్ముడు పోయాడని ఊరికి పోయొచ్చావు. ఆరు రోజులు లీవు. వచ్చాక ఒక్క మాట చెప్పలేదు నాకు."

"ఏముందండీ చెప్పడానికి? సముద్రం మీద వేటకెళ్ళాడు. పడవ తిరగబడింది. మూడో రోజు దొరికాడు."

"నువ్వు చూశావా?"

"లేదండీ. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది."

"మీయమ్మ ఎట్లుంది?"

"బాగానే ఉంది. వంట చేసుకుంటోంది, చేపలు అమ్ముకుంటోంది." పైడిరాజు ఆగాడు. "వాడు ముందు రోజు విప్పేసిన చొక్కా ఒకటుందండీ. దండెం మీద. అది మాత్రం ఉతకనివ్వదు. నేను తీసి బకెట్లో వెయ్యబోతే చేతిలోంచి లాక్కుంది. లాక్కుని..."

టేపు కొస ఇంకా కంటి కిందే ఉంది. తల మెల్లగా ముందుకు వాలింది. ఒళ్ళో నోటుబుక్కు జారి కింద పడింది.

బిగుతుగా ఉన్న టేపు వదులై, మధ్యలో కిందికి వేలాడింది.

మస్తానయ్య కదల్లేదు. ఉన్నచోటి నుంచే అడిగాడు.

"ఇప్పుడెంత?"

పైడిరాజు తల ఎత్తలేదు.

"నీకు కనపడదులే," అన్నాడు మస్తానయ్య. "అక్కడ కూర్చున్నోళ్ళకు కనపడదు. ఇక్కడ నిలబడినోడు చూసుకోవాల."

టేపు డబ్బాకున్న పిడిని మెల్లగా తిప్పాడు. పైడిరాజు ముఖం మీద నుంచి కళ్ళు తియ్యకుండా, కొస కంటి కింద నుంచి జారకుండా, వదులైనంత మేరకే చుట్టుకున్నాడు.