కైవల్యం ఎత్తుకెళ్ళిన చెప్పు

దాలినాయుడికి ఇంగ్లీషు రాక కాదు. వాక్యం మొదలుపెట్టడం అతనంత ఠీవిగా మాలో ఎవరికీ రాదు. చిక్కంతా ముగించడంలోనే.

క్రితం సారి విజయనగరంలో ఒక బడివాళ్ళు ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి పిలిచారు. మీరు చేసిన తప్పు ఏదైనా ఒకటి ఇంగ్లీషులో చెప్పండి అన్నారు. దాలినాయుడు గొంతు సవరించుకుని "ద మిస్టేక్ దట్ ఐ..." అని ఎత్తుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా. మధ్యలోకి హెడ్మాస్టరుగారిని తెచ్చాడు, స్కూలు వార్షికోత్సవాన్ని తెచ్చాడు, ఆ రోజు కురిసిన వానని కూడా తెచ్చాడు. ఇంతమందినీ దాటుకుని చివరికి వచ్చేసరికి, మిస్టేక్‌కి జతగా రావలసిన క్రియ ఏదో మర్చిపోయాడు. నోటికందిన "డిడ్" తగిలించేశాడు. "మేడ్" అనాలి. బల్లకి అవతల కూర్చున్న పెద్దమనిషి పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆ మూత చప్పుడు ఇంకా చెవిలో ఉందంటాడు దాలినాయుడు.

"మన భాషే నయం గురువుగారూ" అని వాపోయాడు ఓ ఆదివారం. "చేసిన తప్పు అంటాం. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయి. ఇంగ్లీషులో తప్పు ముందు సీట్లో కూర్చుంటుంది, చెయ్యడం పోయి వెనక సీట్లో కూర్చుంటుంది. మధ్యలో బస్సు నిండా జనం."

గురువుగారు గడ్డం నిమురుకున్నారు.

ఆయన పూర్వాశ్రమంలో కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ప్రశాంతంగా ఉందామని అన్నీ వదిలేసి, బొబ్బిలి దాటాక ఉన్న ఈ చిన్న కొండమీద కుటీరం వేసుకున్నారు. మోక్షం అడగడానికి ఎప్పుడో ఒకరు వస్తారు. ఇంగ్లీషు అడగడానికి వచ్చేవాళ్ళకి ఆదివారం చాపలు చాలవు.

ఆశ్రమంలో ఒక కుక్క ఉంది. దాని పేరు కైవల్యం. పెట్టింది గురువుగారే. "కైవల్యం చూపించండి స్వామీ అని ఎవరైనా పట్టుబడితే, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నారు.

కైవల్యానికి ఒకటే బలహీనత, చెప్పులు. జత ముట్టదు. ఒక్కటే ఎత్తుకుపోతుంది. కొరికి పాడుచెయ్యదు కూడా. ఎక్కడో భద్రంగా దాచి వచ్చి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది.

ఈ కొండకీ ఒక అలవాటుంది. ఎక్కేటప్పుడు ఎవరికి ఏ మెట్టు దగ్గర ఆయాసం వస్తే అక్కడే చెప్పులు విప్పేస్తారు. మిగతాది ఒట్టి కాళ్ళతో ఎక్కుతారు. అందుకని కింద టీకొట్టు నుంచి పైన కుటీరం దాకా మెట్ల పొడుగునా చెప్పులే. ఎవరి ఊపిరి ఎంతో చెప్పుల్ని చూసి చెప్పొచ్చు. దాలినాయుడు మాత్రం కుటీరం గుమ్మం దాకా వేసుకునే వస్తాడు. తనకి ఆయాసం లేదని అందరికీ తెలియాలి.

పెన్నుకి మూత పెట్టిన ఆ బడి పెద్దమనిషి ఏమనుకున్నాడో, మళ్ళీ ఒకసారి రమ్మని కబురు పెట్టాడు. సోమవారం పొద్దున్నే ఇంటర్వ్యూ. ఆదివారం సాయంత్రం కొండ కింద బస్సు ఎక్కాలి. ఈసారీ పోతే నాన్న జీడిపిక్కల వ్యాపారంలో కూర్చోబెడతాడట. తూకం దగ్గర ఇంగ్లీషుతో పనిలేదు.

ఆ ఆదివారం దాలినాయుడు కొత్త తోలుచెప్పులతో వచ్చాడు. వాటికంటే కొత్తదైన ఒక సూత్రంతో కూడా వచ్చాడు.

"కనిపెట్టేశాను గురువుగారూ! ఏ నామవాచకానికి ఏ క్రియో బట్టీ పట్టక్కర్లేదు. చేత్తో పట్టుకోగలిగినదానికి టేక్. పట్టుకోలేనిదానికి మేక్. తప్పుని పట్టుకోలేం కదండీ, అందుకని మేక్!"

గురువుగారు కళ్ళు మూసుకున్నారు. మెచ్చుకున్నారో, ఓర్చుకున్నారో తెలీదు.

నా పక్కన కూర్చున్న గౌరీశ్వరికి మాత్రం ఓర్పు లేదు. "మరి టీ ఏటి అన్నయ్యా? గ్లాసు పట్టుకునే తాగుతాం. మేక్ టీ అంటారు కదా?"

"టీ మినహాయింపు."

"రెస్టు? చేత్తో పట్టుకున్నావా ఎప్పుడైనా? టేక్ రెస్ట్ అంటారు."

"రెస్టు కూడా మినహాయింపే."

"స్నానం? కునుకు?"

"అవీ మినహాయింపులే!"

"అయితే నీ సూత్రం కిందికి వచ్చేది నువ్వు చేసిన తప్పొక్కటేనన్నమాట" అంది గౌరీశ్వరి.

చాపలమీద అందరూ ఘొల్లుమన్నారు. దాలినాయుడి చెవులు ఎర్రబడ్డాయి. సూత్రానికి ఇంకో ఉపసూత్రం చేర్చబోతూ నోరు తెరిచాడు.

గురువుగారు లేచారు. నింపాదిగా గుమ్మం దగ్గరికి నడిచారు. దాలినాయుడి కొత్త చెప్పుల్లో ఎడమకాలిది తీసి, పక్కనే పడుకున్న కైవల్యం నోటికి అందించారు.

కైవల్యం బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక దానికి ఎవరూ చెప్పు ఇవ్వలేదు. చెప్పుతో తగిలించారంతే. ఒకసారి గురువుగారి మొహం చూసింది, ఇంకోసారి చూసింది. ఆయన మనసు మార్చుకునేలోగా చెప్పు కరుచుకుని మెట్లమీద నుంచి కిందికి దూకింది.

"గురువుగారూ! రేపు ఇంటర్వ్యూ! అయ్యో, ఓసీ... ఆగవే!" దాలినాయుడు కుడిచెప్పు ఒకటీ కాలికి తగిలించుకుని పరిగెత్తాడు.

మేం పిట్టగోడ దగ్గర చేరాం. పైనుంచి అంతా కనిపిస్తోంది.

దిగుతుంటే ఎవరో పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. మీ నాన్న మోకాలు ఎలా ఉందని కాబోలు. దాలినాయుడు దణ్ణం పెట్టి, తన మోకాలు చూపించి, ఏదో చెప్పి వదిలించుకున్నాడు. ఇంకొంచెం దిగాక పూలమ్మే ఆవిడ బుట్ట ఎత్తమంది. ఎత్తాడు. అటు తర్వాత ఒక కుటుంబం ఫోటో తియ్యమంది. ఒంటికాలిమీద నిలబడి అదీ తీశాడు. తీస్తున్నాడన్న మాటేగానీ మెడ మాత్రం కుక్క పోయినవైపే ఉంది.

టీకొట్టు వెనక పేర్చిన కట్టెల్లోంచి చెప్పు బయటికి లాగి, జెండాలాగా ఎత్తి చూపించాడు. మేం చప్పట్లు కొట్టాం.

సంచీ పైనే ఉండిపోయింది కాబట్టి మళ్ళీ ఎక్కక తప్పలేదు. వచ్చేసరికి ఆయాసంతో పాటు కోపం కూడా ఉంది.

"ఇదేం పాఠం గురువుగారూ? బస్సు పోతే నా గతేంటి?"

"దారిలో చెప్పులేమీ కనిపించలేదా నాయనా?"

"ఎందుకు కనిపించవండీ. మెట్టు మెట్టుకీ ఉన్నాయి."

"ఎడమకాలివి?"

"బోలెడు."

"నీకు పట్టేవి?"

"ఒకటి రెండు పట్టేవేనండి. రబ్బరువి."

"దేంట్లోనైనా కాలు పెట్టేసి బస్సెక్కకపోయావా?"

"భలేవారే! నా కుడికాలికున్నది వాటి జత కాదు కదండీ!"

అని, నోరు అలాగే తెరిచి ఉంచేశాడు.

గురువుగారు కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చారు. దాలినాయుడు తాగుతూ తాగుతూ ఆగాడు. "ఒకవేళ వేసుకుని ఉంటేనండీ?"

"ఊరు చేరేవాడివే. బస్టాండులో జనం కాస్త నవ్వుకునేవాళ్ళు" అన్నారు గురువుగారు. "పద. అదిగో హారన్ కొడుతున్నాడు."

పై ఆదివారం దాలినాయుడు మిఠాయి పొట్లంతో కొండెక్కాడు. ఏమైందో చెప్పమని అందరం మీద పడ్డాం.

అదే గది, అదే బల్ల, అదే పెద్దమనిషి. ప్రశ్న కూడా అదేనట. దాలినాయుడు "ద మిస్టేక్ దట్ ఐ..." అని ఎత్తుకున్నాడు. హెడ్మాస్టరుగారు వచ్చారు. వార్షికోత్సవం వచ్చింది, వాన వచ్చింది. ఈసారి ఇంకా ధైర్యంచేసి మైకు సెట్టువాణ్ణి కూడా తెచ్చాడట. అంతా అయ్యాక ఎందుకో తలొంచి కాళ్ళవంక చూసుకున్నాడు. ఎడమచెప్పు అంచున కైవల్యం కరుచుకుపోయినప్పుడు పడ్డ నాలుగు పంటిగాట్లు.

"మేడ్" అన్నాడు.

"పెన్నుకి మూత పెట్టాడా?" అన్నాన్నేను.

"లేదు. దాంతోనే ఆర్డరు మీద సంతకం పెట్టాడు."

మిఠాయి పంచుతుంటే గౌరీశ్వరి మూతి విరిచింది. "ఇంతోటిదానికి కొండ దిగి ఎక్కాలా? నాకైతే ఇక్కడ కూర్చునే అర్థమైపోయింది."

దాలినాయుడు లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, తన ఎడమచెప్పు చేతిలోకి తీసుకుని, కైవల్యం ముందు మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులతో అందించాడు.

కైవల్యం వాసన చూసింది. మొహం తిప్పుకుంది. లేచి ఒళ్ళు విరుచుకుని, రెండడుగులు వేసి, పై మెట్టుమీద విప్పి ఉన్న ఎర్రచెప్పు ఒకటి నోట కరుచుకుని మెట్లమీదికి దూకింది.

"అయ్యో, నాది! నిన్ననే కొన్నది! ఆగవే!" గౌరీశ్వరి మిఠాయి పడేసి పరిగెత్తింది.

గురువుగారు చాపమీద సర్దుకుని కూర్చున్నారు.

"ఇవాళ్టి పాఠం గౌరీశ్వరిది" అన్నారు.