నాంచారి వేసిన ఎత్తు

మొగలిగడ్డని ఏలే మల్లపరాజుకి ఉన్నట్టుండి పాముల మీద మోజు పుట్టింది. అంతకు ముందేడు పొట్టేళ్ళ మీద పుట్టింది, ఆ ముందేడు చిలకల మీద. రాజుల మోజులకి కారణాలు అడిగినవాళ్ళు ఉన్నారా?

ఒక కొండచిలువ, రెండు జెర్రిపోతులు, రెండు నీరుకట్టు పాములు. మొత్తం ఐదు. ఒక్కదానికీ విషం లేదు. కొండచిలువకి రాజు ముచ్చటపడి దొరసాని అని పేరు కూడా పెట్టాడు. వాటిని సాకే పని నాంచారిది. ఆమె తాతముత్తాతలంతా పాములవాళ్ళే. దొరసానిని గుడ్డులోంచి తల బయటపెట్టిన నాటి నుంచి పెంచింది తనే.

ఒకరోజు రాజు సభలో అడిగాడు.

"ఇన్ని పాములున్నాయి కదా, వీటిని ఎన్నాళ్ళకోసారి చేతుల్లోకి ఎత్తుకోవాలి?"

నాంచారి నోరు తెరిచేలోపే అనంతావధానులు లేచాడు. సర్వశాస్త్ర శిఖామణి అని ఆయన బిరుదు. ఇచ్చిందెవరో ఆయనకే తెలియాలి.

"మహాప్రభూ! స్పర్శ వల్ల ప్రేమ, ప్రేమ వల్ల పుష్టి. ఒక్కో పాముని రోజుకి ఐదుసార్లు ఎత్తాలి. మేత మేసిన వెంటనే ఎత్తితే మరీ శ్రేష్ఠం!"

ఇంత చెప్పిన మహానుభావుడు పాముల బుట్టకి రెండు స్తంభాల అవతల నిలబడి చెప్పాడు. అయినా సభంతా ఆహా అంది. ఆయన నోరు తెరిస్తే ఆహా అనడం వాళ్ళకి ఆవలింతంత అలవాటు.

"స్వామీ, మేత మింగిన పాముని కదిపితే..." అనబోయింది నాంచారి.

"ఏమే పాములదానా, శాస్త్రం నువ్వు చెబుతావా నాకు?"

అంతే. ఆ రోజు నుంచి రాజు, రాణులు, మంత్రులు, వాళ్ళ బావమరుదులు అందరూ వంతులేసుకుని పాముల్ని ఎత్తడమే. పది రోజులు తిరిగేసరికి దొరసాని మింగిన మేత మింగినట్టే కక్కేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. స్తంభంలా ఉండేది కాస్తా తడిగుడ్డలా వేలాడింది.

"దీని చేతులు మంచివి కావు ప్రభూ" అన్నాడు అవధానులు నాంచారిని చూపిస్తూ.

రాజు కళ్ళెర్రజేశాడు. "నాంచారీ! దొరసాని ఎందుకు కక్కుతోందో రేపు పొద్దుగూకేలోపు తేల్చు. లేదా పాముల్ని వదిలేసి కోట దాటి పో."

నాంచారి దొరసాని వైపు చూసింది. తను పోతే ఎక్కడో ఓ చోట బతుకుతుంది. దొరసాని నెల తిరక్కుండా పోతుంది. ఈ సభలో తన మాట చెల్లదు. అవధానుల మాటే చెల్లుతుంది. సరే, ఆయన చేతే చెప్పిస్తే?

చేతులు జోడించింది.

"ఏలికా, తేలుస్తాను. దానికి ముందు అంత గొప్ప సూత్రం చెప్పిన అవధానులవారికి సన్మానం జరగాలి. కడుపునిండా భోజనం పెట్టి, ఐదు జట్లు ఐదుసార్లు భుజాలకెత్తి సభంతా ఊరేగించాలి."

సన్మానం అనే మాట ఎంత మెల్లగా అన్నా అవధానులకి వినపడుతుంది. "అంత పట్టుబడితే కాదనను" అన్నాడు, ఎవరూ పట్టుబట్టకుండానే.

మర్నాడు మధ్యాహ్నం భోజనం. ముద్దపప్పు, గారెలు, పులిహోర, పదకొండు బూరెలు, వాటి మీద గిన్నెడు నెయ్యి. చేయి కడుక్కున్నాడో లేదో, మల్లులు వచ్చి అమాంతం ఎత్తారు. అవధానులు మీసం దువ్వుకున్నాడు. రెండోసారి పల్లకీ బోయీలు వచ్చి ఓహోం ఓహోం అంటూ ఊపుకుంటూ తిప్పారు. అవధానులు మీసం వదిలి పొట్ట పట్టుకున్నాడు.

"చాలు నాయనా, దించండి."

"ఇంకా మూడున్నాయి స్వామీ" అంది నాంచారి వినయంగా. "మేసిన వెంటనే అయితే మరీ శ్రేష్ఠమని తమరే సెలవిచ్చారు."

మూడోసారి మావటీలు ఎత్తారు. వాళ్ళకి ఏనుగుల అలవాటు. పైకెత్తి ఓ కుదుపు కుదిపేసరికి బూరెలు గొంతుదాకా వచ్చాయి. శిఖామణిగారి పిలక ఊడింది, శాస్త్రం ఊడింది, నిజం బయటపడింది.

"దించండ్రా! తిన్నవాణ్ణి ఎవడైనా కదుపుతాడా? అరిగేదాకా నా జోలికి రాకండి! ఇంకోసారి ముట్టుకున్నారంటే కరుస్తాను!"



నాంచారి రాజు వైపు తిరిగింది.

"విన్నారా ఏలికా? దొరసాని పది రోజుల నుంచీ చెబుతున్నది ఇదే. పాపం, దానికి మాటలు రాక కక్కి చూపించింది."

రాజు ఒక్క క్షణం చూసి, సింహాసనం అదిరేలా నవ్వాడు. తరవాత సభ నవ్వింది. రాజుకంటే ముందు నవ్వే సభలు ఎక్కడున్నాయి?

"మరి అసలు లెక్క నువ్వు చెప్పవే" అన్నాడు రాజు.

"అన్నిటికీ ఒకటే లెక్క కుదరదు ఏలికా. మేత మింగాక చిన్నవాటిని రెండు మూడు రోజులు, దొరసానిని వారం కదపకూడదు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకి తిరుగుతాయి, అప్పుడు అసలు ముట్టుకోకూడదు. మిగతా రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు, కాసేపు. అదీ పాము బెదరకుండా ఉంటేనే."

"రోజూ ఎత్తుకోకపోతే ప్రేమ ఎలా తెలుస్తుందే?"

"పాముని రోజూ పట్టించుకోవాలి ఏలికా, రోజూ పట్టుకోనక్కర్లేదు."

రాజు తన చేతి బంగారు కడియం తీసి నాంచారికి ఇచ్చాడు. ఇక మీదట ఆమె సరేనంటే తప్ప పాముల్ని ఎవరూ ముట్టుకోకూడదు, తనతో సహా, అని ఆజ్ఞ వేశాడు. మూల కూలబడి మజ్జిగ తాగుతున్న అవధానుల్ని చూసేసరికి రాజుకి మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది.

"అది సరే నాంచారీ, మరి పండితుల్ని ఎన్నాళ్ళకోసారి ఎత్తాలి?"

"ఇన్నాళ్ళూ రోజూ ఎత్తారు కదా ప్రభూ, ఆకాశానికి! అందుకే చదివింది ఒక్కటీ అరగలేదు."

ఈసారి సభ రాజు కోసం ఆగలేదు.