అలికిన నేల

పేరిందేవి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "విన్నాను" అని ఊరుకునేవారు. అడిగిన మనిషి ఆ మాట మరిచిపోయాక ఎప్పుడో జవాబు వచ్చేది. కొందరికి అసలు వచ్చేదే కాదు.

ఆమె ఆలయ నాట్యం నేర్పేవారు. కొంతకాలం కొండ దిగువ ఆశ్రమంలో ధ్యాన శిబిరం, మరికొంతకాలం ఏటి ఒడ్డున ఇంకో ఆశ్రమంలో నాట్య శిక్షణ. ఈ రెంటి మధ్య రాకపోకలన్నీ పల్లె బస్సుల మీదే. ఆ ఏడు ఆమె వెంట హైమవతి అనే శిష్యురాలు ఉంది. పట్టుదల గల పిల్ల. ప్రయాణంలో ఉన్నా సరే, తెల్లవారగానే అడుగులు సాధన చేయనిదే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నియమం మంచిదే. నియమం చూసుకుంటూ ఎదుట ఉన్నది చూడకపోవడం మాత్రం మంచిది కాదు.

హైమవతికి ఇంకా గజ్జె కట్టలేదు. ఏటి ఒడ్డు ఆశ్రమంలో ఏడాదికి ఒక్కసారి గజ్జె పూజ జరుగుతుంది. దేవుడి ముందు ఉంచిన గజ్జెలను గురువు ఆ రోజున శిష్యురాలి చేతికి ఇస్తారు. ఆ తరవాతే ఆమె గుడిలో ఆడాలి. ఈసారి వంతు హైమవతిది. ఆమె గజ్జెలు ఎర్రగుడ్డ సంచిలో, గురువుగారి ఒడిలో ప్రయాణం చేస్తున్నాయి. పూజ మర్నాటి సాయంత్రం.

బస్సులో హైమవతి అడిగింది. "అమ్మగారూ, కొండ కింద కూర్చుంటే ధ్యానం. ఏటి ఒడ్డుకి వెళ్ళాక నాట్యం. మరి మధ్యలో ఈ బస్సుల్లో పోయే రోజులు దేని కిందకి వస్తాయండీ? నాకైతే ఉత్త దండగ అనిపిస్తుంది."

"విన్నాను," అన్నారు పేరిందేవి గారు, కిటికీ వైపు తిరిగి.

సాయంత్రానికి వాన ముదిరి దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. బస్సు ఒక చిన్న ఊళ్ళో ఆగిపోయింది. పొద్దున్నే గండికి అవతలి వైపు నుంచి వేరే బస్సు వస్తుందని, అది తప్పితే మళ్ళీ మర్నాడేనని కండక్టర్ చెప్పాడు. పైడమ్మ అనే ఆవిడ ఈ ఇద్దరికీ తన ఇంటి అరుగు మీద చోటిచ్చింది. తడవకుండా వాళ్ళ సామాను లోపల దండెం మీద వేలాడదీసింది.

తెల్లవారింది. పేరిందేవి గారు స్నానానికి ఊరి పక్కన పారే గెడ్డకు వెళ్ళారు. పైడమ్మ బిందె తీసుకుని ఇంటి వెనక నూతి దగ్గరకు వెళ్ళింది. హైమవతికి సాధన వేళ అయింది. అరుగు ఇరుకు, వీధి అంతా బురద. తలుపు తోసి చూస్తే లోపల నున్నగా, శుభ్రంగా అలికిన గది. గచ్చు మీద పెరిగిన పిల్ల. కాలికి చల్లగా తగిలితే మట్టినేల చల్లదనమే అనుకుంది.

మొదట భూమికి నమస్కారం చేసింది. నాట్యం చేసేవారికి అది తప్పనిసరి. నిన్ను కాళ్ళతో తొక్కబోతున్నాను, తప్పు కాయమని నేలను తాకి, ఆ చేతులు కళ్ళకు అద్దుకోవాలి. హైమవతి దాన్ని ఎంతో భక్తితో చేసేది. ఆ రోజు కూడా, వేళ్ళకు అంటిన తడి చూసుకోకుండానే, అలాగే చేసి, అడుగులు మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని, మనసులో తాళం వేసుకుంటూ, గదంతా కలయతిరిగింది.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో బిందెతో పైడమ్మ నిలబడి ఉంది. గది నిండా మడమల గుంటలు. కాలివేళ్ళకు పచ్చిమన్ను.

"ఏటి తల్లీ, నా ఇంట్లో దమ్ము పట్టీసినావు?" అంది పైడమ్మ. "నారు కూడా తెచ్చుకున్నావేటి?"

హైమవతి ముఖం ఎర్రబడింది. "పచ్చిగా ఉందని తెలియలేదమ్మా. కానీ నేను ఊరికే తొక్కలేదు. ముందు భూమాతకు దండం పెట్టి, తప్పు కాయమని అడిగాకే అడుగు వేశాను."

"అడిగినావా? మరేటన్నాది?"

"ఎవరు?"

"భూమి."

హైమవతి తన కాళ్ళ కింది గుంటల వైపు చూసింది.

"ఏటీ అనదు. దానికి నోరు లేదు గదా. నాకున్నాది. నూతి కాడే ఉన్నాను. ఒక్క కేక ఎయ్యాల్సింది."

అప్పుడు సంగతి చెప్పింది. ఆమె కూతురు కాన్పై ఆస్పత్రిలో ఉంది. ఆ మధ్యాహ్నమే బిడ్డతో వస్తోంది. వానలకు నేల గుంటలు పడితే ముందురోజే పుట్టమన్ను తెచ్చి మెత్తి, తెల్లవారుజామున లేచి పేడతో అలికింది. "ఇప్పుడు మంచం ఏస్తే కోళ్ళు దిగిపోతాయి. బాలింతరాలిని ఎక్కడ పడుకోబెట్టను?"

తడి జుట్టుతో పేరిందేవి గారు వచ్చారు. నేలను చూశారు. శిష్యురాలి కాళ్ళు చూశారు. అంతలో గండికి అవతల హారన్ వినిపించింది.

"బస్సు వచ్చింది, హైమా."

"దీని తరవాత ఇంకోటి..."

"రేపు."

"రేపైతే పూజ అయిపోతుంది కదండీ."

"అయిపోతుంది."

"ఎల్లండమ్మా," అంది పైడమ్మ. "నానేదో చేసుకుంటాను." కొంగు దోపి, పారతో పాడైన మన్ను గీకడం మొదలుపెట్టింది.

హైమవతి తన సంచి తీసుకుని వీధిలోకి దిగింది. పేరిందేవి గారు వెనకే నడిచారు. ఆ బస్సు కండక్టర్ గండి అవతలి నుంచి కేక వేశాడు. "ఎక్కుతారా, బొట్టు పెట్టి పిలవమంటారా?" హైమవతి గండి దాకా వెళ్ళింది. ఇంట్లో పార గీకుతున్న చప్పుడు అక్కడికీ వినిపిస్తోంది. బస్సు వైపు చూసింది. గురువుగారి ముఖంలోకి చూస్తే అక్కడ ఏమీ లేదు.

"మీరు పొండి," అంది కండక్టర్‌తో.

తిరిగి వచ్చి, సంచి మళ్ళీ దండెం మీద వేసి, పైడమ్మ పక్కన చతికిలబడింది. మన్ను తొక్కింది, నీళ్ళు మోసింది, పేడ కలిపింది. అలకడం మాత్రం సరిగా రాలేదు. "చెయ్యి అలా గాల్లో తిప్పితే ఆటకి బాగుంటాది తల్లీ, నేలకి ఆనించి లాగు," అని పైడమ్మ నవ్వింది. పొద్దున్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నం ఆటోలో కూతురు దిగింది. ఒళ్ళో బిడ్డ. లోపలికి తొంగిచూసి, "ఇంకా పచ్చిగా ఉందేటమ్మా?" అంది.

"లేవడం ఆలీసమైపోనాది," అంది పైడమ్మ, హైమవతి వైపు చూడకుండా.

"కాదక్కా," అంది హైమవతి. "అమ్మ వేళకే అలికింది. నేనే తొక్కేశాను."

కూతురు ఆమె మోచేతుల దాకా ఉన్న పేడను చూసి, బిడ్డను పైడమ్మ చేతికి ఇచ్చింది. అరుగు మీద చీర అడ్డం కట్టి బాలింతను అక్కడే పడుకోబెట్టారు. గదిలో కుంపటి పెట్టి, హైమవతి విసనకర్రతో సాయంత్రం దాకా విసిరింది. ఏటి ఒడ్డున దీపాలు వెలిగించే వేళ అయిందని ఆమెకు తెలుసు. చెయ్యి ఆపకుండానే అడిగింది.

"అమ్మగారూ, మరి నా గజ్జెలు?"

"ముందు నేల ఆరనీ," అన్నారు పేరిందేవి గారు.

ఆ రాత్రి గురుశిష్యులు పశువుల పాక చూరు కింద పడుకున్నారు. పొద్దున్న బయలుదేరబోతే హైమవతి సంచి దండెం మీదే ఉండిపోయింది. హైమవతి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నేల తెల్లగా ఆరి కనిపిస్తూనే ఉంది. అయినా లోపలికి అడుగు వేయలేదు.

"అమ్మా, ఆరిందా? కాలు పెట్టనా?"

లోపల బిడ్డ ఒంటికి నూనె రాస్తున్న పైడమ్మ తల ఎత్తకుండానే అంది. "పెట్టు తల్లీ. మెల్లిగా రా, పిల్లతల్లి నిద్దరోతున్నాది."

హైమవతి మునివేళ్ళ మీద వెళ్ళి సంచి తెచ్చుకుంది. పేరిందేవి గారు అరుగు కింద నిలబడి ఇదంతా చూశారు.

బస్సు కదిలాక, ఎవరి చేతికీ ఇవ్వని ఆ ఎర్రగుడ్డ సంచిని ఆమె హైమవతి ఒడిలో పెట్టారు. హైమవతి దాన్ని గట్టిగా పట్టుకోవడానికి కూడా భయపడింది.

"పూజ రోజు దాటిపోయింది కదండీ. వెళ్ళగానే ఆడమంటారా?"

పేరిందేవి గారు కిటికీ వైపు తిరిగారు.

"దిగే చోట కూడా ఎవరో ఒకరు అలికే ఉంటారు, హైమా. వాళ్ళని అడుగు," అన్నారు.