ధునికి అరువు నిప్పు

"స్వామీ, నిప్పును ఎక్కడి నుంచో ఎవరో మనిషికి తెచ్చిపెట్టారన్న కథ అన్ని జాతులకీ ఉంది. గాలి తెచ్చిందని మనవాళ్లన్నారు. ఒకడు బోలు కాడలో దాచి ఎత్తుకొచ్చాడని గ్రీకులన్నారు. వీటిలో అసలుది ఎవరిది, అరువు తెచ్చుకున్నది ఎవరు?"

అడిగినవాడు అచ్యుతం. పాపికొండలకు దిగువన, గోదావరి ఒడ్డున ఉన్న పూర్ణయ్యస్వామి ఆశ్రమంలో ధుని చూసుకునే శిష్యుడు. కాలేజీలో చదివి వచ్చినవాడు. చదివినవాడికి అసలేదో నకలేదో తేలందే అన్నం సహించదు. స్వామి ఎప్పటిలాగే నేరుగా జవాబివ్వలేదు. "వాన మబ్బు పట్టింది, కట్టెలు లోపల పెట్టించు" అన్నారు.

ధుని సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. స్వామివారి గురువు వెలిగించిన ఆ అగ్నిగుండం అరవై ఏళ్లుగా ఆరలేదు. అగ్గిపెట్టెలు లేని కాలమనుకునేరు. ఉండేవి, వానాకాలం మెత్తబడేవి కూడా. కాని ధునికి అగ్గిపుల్ల తగలకూడదు, నిప్పుకు నిప్పే అంటుకోవాలి. గురువుగారి ఆరాధన నాటికి అది వెలగకపోతే, చూసుకునేవాడు ఆశ్రమం విడిచిపోవాలి. అడిగినవారికి నిప్పు లేదనకూడదని ఇంకో నియమం ఉండేది గాని, అచ్యుతం వచ్చాక అది మెల్లగా మూలబడింది. మొన్నటికి మొన్న కొండ మీది గూడెం నుంచి సంతకు దిగిన పండమ్మ అనే ముసలావిడ చుట్టకు నిప్పడిగితే, "ఇది చుట్టలంటించే నిప్పు కాదు" అని పంపేశాడు.

మూడు రోజులు వాన దంచికొట్టింది. ధుని మీది కప్పు ఒక మూల జారిపోయింది. నాలుగో రోజు తెల్లవారుతూనే బూడిద కెలికితే అచ్యుతం వేళ్లకు చల్లగా తగిలింది. మర్నాడే ఆరాధన.

"ఇంకా ఒక పగలుంది. వెళ్లి అడుక్కురా" అన్నారు స్వామి.

"ఏ పొయ్యి నిప్పు పడితే అది తెచ్చి ఇందులో వెయ్యమంటారా?"

"ముందు దొరకనీ."

ఒడ్డున ఉన్న ఊళ్లో పొయ్యిలన్నీ నీళ్లలో నానుతున్నాయి. పొగ కనిపించింది కొండ మీద ఒక్కచోటే. ఆ ఇల్లు పండమ్మదని గుమ్మంలోకి వెళ్లాక గాని అతనికి తెలియలేదు.

"ఏం అయ్యోరూ, ఇంత దూరం వచ్చినావు, చుట్ట అలవాటైందా?"

"ధుని ఆరిపోయింది, అవ్వా. నిప్పు తీసుకెళ్లకపోతే రేపటి నుంచి నాకక్కడ చోటు లేదు."

ఆవిడ మళ్లీ ఎగతాళి చెయ్యలేదు. కుండలో బూడిద పరిచి, నిప్పులు పేర్చి, పైన మళ్లీ బూడిద కప్పుతూ చెప్పింది. "ఎనకటికి ఓ పిట్ట సూరీడు కాడికి పోయి నిప్పు తెచ్చింది. తోక కాలింది. ఇప్పటికీ దాని తోక నలుపే. తోక కాల్చుకున్న పిట్టే అడిగినోళ్లకి లేదనలేదు, నేనంటానా? ఆ మాటకొస్తే, నా పెళ్లినాడు మా అత్త ఈ నిప్పు మీ ధుని కాడి నుంచే తెచ్చింది. ఇదిగో, ఈ పూట దాకా ఆరనియ్యలేదు."

అచ్యుతానికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

కొండ దిగేసరికి, వచ్చేటప్పుడు దాటిన వాగు పొంగి ఉంది. గూడెం గూడెమంతా దిగొచ్చి, నడుముల్లోతు నీళ్లలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా బారు తీరారు. కుండ తలల మీదుగా చేతులు మారుతూ సాగింది. అచ్యుతం కూడా ఆ బారులో నిలబడ్డాడు. తనకు అందించిన చేతులెవరివో, తన నుంచి అందుకున్నవెవరివో చూసుకునే తీరిక లేకపోయింది. కుండ అవతలి గట్టుకు చేరగానే డోలు మోగింది. ఆ డోలుతోనే అందరూ ఆశ్రమం దాకా నడిచారు.

పొద్దు వాలకముందే ధుని భగ్గుమని లేచింది. మంట మనిషెత్తు నిలబడింది. తడిసిన బట్టలతో జనం చుట్టూ చేరి కేరింతలు కొట్టారు. అరవై ఏళ్లలో ఆ గుండం అంత సందడి చూసి ఉండదు.

అచ్యుతం ముఖం మంటకంటే ఎక్కువ వెలుగుతోంది. "ఇది మన నిప్పే, స్వామీ. అసలుదే. వాళ్లే మన దగ్గర అరువు తీసుకెళ్లారు."

స్వామి చేతులు కాచుకుంటున్నారు. "మా గురువుగారు ఈ రేవులో దిగిననాడు పడవ తిరగబడింది. వంటి మీది తడి పంచె తప్ప ఏమీ మిగల్లేదు. ఆ పూట ఆయన నిప్పడిగింది ఈ పండమ్మ అత్తగారి అత్తగారిని."

అచ్యుతం ఉండబట్టలేక, "మరి ఆవిడకెవరు..." అని మొదలుపెట్టాడు.

అప్పటికే పండమ్మ వచ్చి, వెలగని చుట్ట నోట పెట్టుకుని అతని పక్కన నిలబడి ఉంది.

"అది తర్వాత తేల్చుకుందువుగాని" అన్నారు స్వామి. "ముందు ఆవిడ చుట్ట అంటించు."