కళాయి పోయిన గిన్నె

పడుకున్నావా తల్లీ? ఇలా దగ్గరికి జరుగు. ఇది కాస్త బాధపెట్టే కథ.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో సూరీడమ్మ అనే అత్తగారు ఉండేది. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గిన్నె అంటే ఆవిడకి ప్రాణం. రోజూ చింతపండూ బూడిదా పెట్టి లోపలా బయటా తోమేది. తోమగా తోమగా లోపలి కళాయి, అదే తగరపు పూత, అంతా పోయింది. కళాయి పూసేవాడు వీధిలోకొచ్చి కేకేస్తే, "ఆ తెల్లపూత నాకొద్దు, నా గిన్నె బంగారంలా మెరుస్తోంది" అని పంపేసేది. అదేం పిచ్చో!

ఆవిడ మనవరాలు నూకాలు. నీ అంత పిల్ల. అప్పుడే జ్వరం నుంచి లేచింది. నోరు చప్పబడిపోయి, పులుసన్నం కావాలంది. సూరీడమ్మ మురిసిపోయి ఆ గిన్నెలోనే పులుసు కాచింది. ఊరితే రుచి అని రాత్రంతా అందులోనే ఉంచింది.

తెల్లారాక కోడలు పైడమ్మ, అంటే నూకాలు వాళ్ళమ్మ, మూత తీసింది. చిలుము వాసన గుప్పుమంది.

"అత్తమ్మా, పులుసు అదోలా వాసనొస్తోంది."

"ఇంగువ ఎక్కువైందిలేవే."

అప్పుడు పైడమ్మ గరిటెతో కలిపింది. అంచు చుట్టూ పచ్చటి చార.

"అత్తమ్మా, రంగు మారింది."

"కరివేపాకు దిగింది."

ఆ తర్వాత ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"చేదుగా ఉందత్తమ్మా, పారబోద్దాం."

"నా గిన్నెకే వంక పెడతావా?"

పైడమ్మ ఇంక నోరెత్తలేదు. ఎదురు చెప్పని కోడలని ఊళ్ళో పేరు. ఆ పేరు పాడుగాను! బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళిపోయింది.

అప్పుడు సూరీడమ్మ ముద్దలు కలిపి మనవరాలికి తినిపించింది. "చేదుగా ఉంది నాయనమ్మా" అంది పిల్ల. "జ్వరం నోరు కదమ్మా, అలాగే ఉంటుంది" అని ఇంకో ముద్ద పెట్టింది.

మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి కళ్ళు పీక్కుపోయాయి. అసలే నీరసపడ్డ ఒళ్ళు. దీపాలవేళకి నూకాలు లేదు.

కళాయి లేకపోయేసరికి పులుపు ఇత్తడిని తినేసిందమ్మా. తిన్నాక అది పులుసు కాదు, విషం. నేను మారిపోయానని ఆ పులుసే వాసనతో చెప్పింది, రంగుతో చెప్పింది, రుచితో చెప్పింది. ఆవిడ వినలేదు.

ఆ తర్వాత సూరీడమ్మ చచ్చేదాకా పొద్దున్నే ఇంటింటికీ తిరిగేది. "మూత తియ్యండమ్మా. వాసన చూడండి, రంగు చూడండి. పిల్ల చేదంటే పారబొయ్యండి" అని బతిమాలేది. పైడమ్మ ఆవిణ్ణి ఒక్క మాటా అనేది కాదు. అనాల్సినప్పుడు అనలేదు, ఇప్పుడని ఏం లాభం?

నువ్వు మాత్రం చేదైతే చేదని చెప్పు తల్లీ. తినిపించేది నేనైనా సరే, చెప్పు.

కథ కంచికి,
పులుసు మట్టికి,
నిద్దర మన కంటికి.