అరిసెల సింగన్న జల్లించిన మట్టి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో కొన్ని చెట్లు నేలలో పెరిగేవి, కొన్ని మట్టిపళ్లెంలో పెరిగేవి. పళ్లెంలోవి ఎన్నేళ్లయినా జానెడు దాటవు. వాటిని వామన వృక్షాలు అనేవారు.

రాజుగారి తోటమాలి గురవప్ప ఇంట్లో అలాంటి చింతచెట్టు ఒకటి ఉండేది. అతని భార్య అచ్చమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నాటిన గింజ అది. అచ్చమ్మ పోయింది, చెట్టు మిగిలింది. చూపు మందగించిన గురవప్ప రోజూ దాని కొమ్మలు తడిమి చూసుకునేవాడు.

ఒక మాఘమాసంలో అతను శ్రీశైలం యాత్రకు బయలుదేరుతూ చెట్టును బావమరిది సింగన్నకు అప్పగించాడు. అచ్చమ్మ తమ్ముడైన సింగన్న రాజుగారి వంటశాలలో పిండివంటలు చేస్తాడు. అతని అరిసె నోట్లో వేస్తే ఇట్టే కరిగిపోతుంది. ఆ సంగతి ఊరందరికీ అతనే చెబుతుంటాడు.

"చిగురు వేసేలోపు మట్టి మార్చాలి సింగన్నా," అన్నాడు గురవప్ప. "ఇటుక ముక్కలు దంచి, ఏటి ఇసుక, చివికిన ఆకుల ఎరువు కలుపు. జల్లెడ పట్టి కింద పడ్డ పొడి పారబొయ్యి. పైన నిలిచిన పలుకులే పళ్లెంలో వెయ్యి."

సింగన్నకు నవ్వొచ్చింది. కింద పడ్డ మెత్తటి పిండి మనకు, పైన మిగిలిన నూక కోళ్లకు! ఇది పసిపిల్లలకైనా తెలుసు. బావ ముసలితనంలో తిరగేసి చెప్పాడు కాబోలు. అడుగుదామనుకున్నాడు గానీ, జల్లెడ పట్టడం కూడా రాదా అంటాడేమోనని ఊరుకున్నాడు.

మొదట పలుకులన్నీ పారబోసి, గంధంలాంటి పొడిలో అక్క చెట్టును నాటాడు. పళ్లెంలో కాపురముండే గండుచీమ పైకొచ్చి, "సింగన్నా, మా దారులన్నీ మూసుకుపోయాయి. ఊపిరాడటం లేదు," అంది.

"అరిసెల పిండికి వంక పెట్టేది చీమా!" అన్నాడు సింగన్న.

వారమైనా చిగురు రాలేదు. తీపి తక్కువైన పాకంలో ఇంకాస్త బెల్లం వేసినట్టు రెండు గుప్పిళ్లు పేడ ఎరువు వేశాడు. "వేళ్లు మండుతున్నాయి సింగన్నా," అంది చీమ. అతను వినలేదు.

ఆకులు పసుపెక్కాయి. దాహమనుకుని పూటకో చెంబు నీళ్లు పోశాడు. మెత్తటి మట్టిలో నీళ్లు దిగక నిలిచిపోయాయి. చీమ గుడ్లు నోట కరుచుకుని పళ్లెం అంచు ఎక్కింది.

"పోతున్నాం సింగన్నా. చెట్టుకు కాళ్లు లేవు, అది ఎక్కడికి పోతుంది?"

అప్పుడు సింగన్న చెంబు పక్కన పెట్టాడు. గబగబా మట్టి తవ్వి చూశాడు. వేళ్లు నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి. అక్క పోయిన రోజు ఏడ్చినట్టే మళ్లీ ఏడ్చాడు.

కుమ్మరివీధిలో అచ్చం అలాంటి చింత ఒకటుంది. తెచ్చి పెడితే బావకు తెలుస్తుందా? సింగన్న సగం దూరం వెళ్లి, వెనక్కి వచ్చేశాడు.

గురవప్ప తిరిగొచ్చి, కాళ్లు కడుక్కోగానే చెట్టు కోసం చెయ్యి చాచాడు. సింగన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తడమకు బావా. అక్క చెట్టును నేను చంపుకున్నాను," అని జరిగినదంతా చెప్పాడు.

గురవప్ప పళ్లెంలోని మట్టి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "పలుకుల మధ్య సందులుంటాయి సింగన్నా. వేరుకు గాలి అందేదీ, నీరు జారిపోయేదీ ఆ సందుల్లోంచే. పలుకులెందుకని ఒక్క మాట అడగలేకపోయావా?"

"సిగ్గుపడ్డాను బావా."

"మీ అక్క కూడా మొదటి చెట్టును ఇలాగే చంపుకుంది. ఆ తర్వాత నన్ను అడిగి నాటుకున్నదే ఇది." ఆ మాటకు ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు గురవప్ప తన జల్లెడ తెచ్చి సింగన్న చేతిలో పెట్టాడు. సింగన్న పొడి పారబోసి, పలుకుల్లో కొత్త గింజ నాటాడు. అది అక్క చెట్టంత ముదిరేనాటికి బావా ఉండడు, తానూ ఉండడని అతనికి తెలుసు. అయినా రోజూ దాని ముందు కూర్చుని, నీళ్లు ఎన్ని పొయ్యాలో బావను అడిగే పోసేవాడు.

తెలియనిది అడిగితే పోయేది కాస్త బింకం. అడగకపోతే పోయేది మళ్లీ రాదు.