గుబురయ్య ఖాళీ చేసిన పళ్ళెం

అనగనగా ఒక అడవి. ఆ ఏడాది ఆ అడవికి కోపం వచ్చింది. నవ్వకండి పిల్లలూ, ఇది నవ్వే కథ కాదు. ఇవాళ నాకూ కోపంగానే ఉంది. పొద్దున వీధిలో మీలో ఒకరు కళ్ళు గుంజుకుని, ఏవో పిచ్చి కూతలు కూస్తూ చైనా వాళ్ళను వెక్కిరించడం కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను. ఎవరో చెప్పను. వాళ్ళకే తెలుసు. కూర్చోండి, వినండి.

ఆ అడవి గోదావరి పక్క కొండల మీద ఉండేది. అక్కడ జంతువులకు వెదురే ఆధారం. లేత వెదురు కొమ్ములు తినే దూడలు బతికేవి, వెదురాకు మేసే తల్లులు పాలిచ్చేవి. ఆ ఏడాది వెదురంతా ఒక్కసారి పూసింది. వెదురు పూసిందంటే చచ్చిపోయిందనే లెక్క. రాలిన గింజలైనా మొలుస్తాయనుకుంటే, ఎలుకలు ఒక్కటీ మిగల్చలేదు. ఎండిన పొదలను కార్చిచ్చు ఊడ్చేసింది.

అడవిదున్న మోదుగమ్మ అందరినీ పిలిచింది. ఆమె పక్కన అప్పుడే పుట్టిన దూడ నిలబడలేక తల్లికి ఆనుకుని ఉంది.

"నాకు పాలు తగ్గిపోతున్నాయి. ఎక్కడైనా వెదురు పిలకలు దొరికితే తెచ్చి నాటుకుందాం. లేకపోతే నా బిడ్డ దక్కదు" అంది మోదుగమ్మ.

తల మీద నల్ల చారలున్న బాతు ఒకటి అక్కడ ఉంది. పేరు చారలమ్మ. చలికాలం మన చెరువుల్లో గడిపి, ఎండలు ముదిరేసరికి మంచు కొండలు దాటి చైనా వెళ్ళిపోయే పక్షి అది.

"చైనా కొండల్లో పాండాలున్నాయి. వాటి అడవి నిండా వెదురే. వాటికి పెద్ద లాన్ అవ్వ. మంచి మనసు ఆమెది" అంది చారలమ్మ.

ఎలుగుబంటి గుబురయ్య ముందుకు దూకాడు.

"పాండా అంటే నాకు తెలీదా? మా పెదనాన్న పిల్లల్లాంటి వాళ్ళు! ఒంటికి కాస్త సున్నం పూసుకున్నారంతే. నేను వెళ్తాను, మోసుకొస్తాను."

"వెళ్ళు బాబూ. కానీ ముందు నా దగ్గర కూర్చో. అక్కడి మర్యాదలు వేరు. నేను ఎగిరిపోయేలోపు కొన్ని చెబుతాను" అంది చారలమ్మ.

"చుట్టాల ఇంటికి వెళ్ళడానికి పాఠాలా? పుల్లలతో తినేవాళ్ళ దగ్గర నేను నేర్చుకోవాలా? మా అమ్మ నాకు మర్యాద నేర్పే పంపింది!" అని గుబురయ్య గుర్రుమన్నాడు.

చూశారా? అక్కడే మొదలైంది. నేర్చుకోవడం నామోషీ అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను.

గుబురయ్య పెద్ద తేనెపట్టు ఒకటి మోదుగాకుల్లో చుట్టుకుని బయలుదేరాడు. కొండలు ఎక్కాడు, మంచులో జారాడు, పాదాలు పగిలాయి. ఎట్టకేలకు పాండాల అడవి చేరాడు. అక్కడ వెదురు ఎంత దట్టంగా ఉందంటే మధ్యాహ్నమే దీపం పెట్టుకోవాలనిపించింది. లాన్ అవ్వ మనవల్ని, ఇరుగుపొరుగుని వెంటబెట్టుకుని ఎదురొచ్చింది.

గుబురయ్య ఒంటి చేత్తో తేనెపట్టు ముందుకు తోశాడు. "ఇదుగో, తీసుకో."

"అయ్యో, ఎందుకయ్యా ఇంత శ్రమ? వద్దు వద్దు" అంది లాన్ అవ్వ.

"వద్దా? మా అడవి తేనె నీకు పనికిరాదా?"

గుబురయ్యకు రోషం పొడుచుకొచ్చింది. అక్కడే కూర్చుని, వాళ్ళందరూ చూస్తుండగా, ఆ తేనెపట్టు తనే తినేశాడు. మూతి తుడుచుకున్నాడు. పాండా పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

లాన్ అవ్వ మాత్రం అతన్ని లోపలికి తీసుకెళ్ళి భోజనం పెట్టింది. పళ్ళెం నిండా లేత వెదురు కొమ్ములు. గుబురయ్య ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాడు. వెంటనే మళ్ళీ నింపారు. మళ్ళీ ఖాళీ చేశాడు. మళ్ళీ నింపారు. పొట్ట డోలులా బిగిసిపోయింది. అయినా వదలడు, పెట్టింది వదిలితే తప్పు కదా! ఇంట్లో ఉన్నదంతా అయిపోయింది. లాన్ అవ్వ ఒక్క క్షణం ఆగింది. తర్వాత చిన్నగా తల ఊపి, ముదురు వెదురు నమలలేని పిల్లల కోసం దాచిన లేత మొలకలు కూడా తెప్పించింది. అవి కూడా తిన్నాడు మహానుభావుడు.

తిని, ఆయాసపడుతూ అన్నాడు. "సరే, ఇక వెదురు పిలకలు ఇవ్వు. పోతాను."

"దూరం నుంచి వచ్చారు. ఈ రాత్రి పడుకోండి. పనుల సంగతి రేపు మాట్లాడుకుందాం" అంది అవ్వ.

గుబురయ్య లేచి నిలబడ్డాడు. మనవల ముందు, ఇరుగుపొరుగు ముందు అరిచాడు.

"రేపా? తేనె ఇస్తే వద్దన్నావు. పొట్ట పగిలేదాకా మేపి చంపాలని చూశావు. ఇప్పుడు రేపంటున్నావు. ఇంత వెదురు పెట్టుకుని పిలక ఇవ్వడానికి ఏడుస్తున్నావు. పీనాసి ముసలిదానా!"

అవ్వ తల దించుకుంది. కాసేపటికి లేచి, గుమ్మం దాకా వచ్చి, "దారి జాగ్రత్త" అంది. అంతే. తలుపు మూసుకుంది.

గుబురయ్య ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. వచ్చి ఏం చెప్పాడో తెలుసా?

"వాళ్ళు పొగరుబోతులు. మన తేనె వద్దన్నారు. మనల్ని చూస్తే చులకన. నన్ను తరిమేశారు."

అడవంతా భగ్గుమంది. కొండముచ్చు కళ్ళు గుంజి, బుగ్గలు పూరించి పాండాలా నడిచి చూపించింది. అందరూ పగలబడి నవ్వారు. మోదుగమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె దూడకు పక్కటెముకలు బయటపడ్డాయి. అది కొండముచ్చు వైపు కాదు, గుబురయ్య ఖాళీ చేతుల వైపు చూస్తోంది.

వానలు వచ్చాయి, పోయాయి. వెదురు లేని నేల మీద పిచ్చిగడ్డి తప్ప ఏమీ రాలేదు. చలి మొదలయ్యేసరికి చారలమ్మ తిరిగొచ్చి చెరువులో వాలింది. వాలుతూనే అడిగింది.

"మోదుగమ్మా, దూడేదీ?"

జంతువులన్నీ మోదుగమ్మ వైపు చూశాయి.

మోదుగమ్మే చెప్పింది. "పోయింది చారలమ్మా. వాన వెలిసిన రోజున పడుకుంది. ఇక లేవలేదు."

"మరి పిలకల సంగతి గుబురయ్య ఏం చెప్పాడు?"

"ఆ పొగరుబోతులు ఇవ్వలేదు" అన్నాడు గుబురయ్య.

చారలమ్మ రెక్కలు విదిల్చింది. అంత మెత్తని పక్షికి అంత కోపం వస్తుందని అక్కడ ఎవరికీ తెలియదు.

"నోరు ముయ్యి! నేను ఆ అడవి మీదుగానే వచ్చాను. అంతా విన్నాను. అక్కడ కానుక ఇస్తే వెంటనే లాక్కోరు. వద్దంటారు, నువ్వు మళ్ళీ బతిమాలాలి, అప్పుడు తీసుకుంటారు. ఆశపోతులమని అనిపించుకోకూడదని! నువ్వేం చేశావు? వాళ్ళ ముందే మింగేశావు."

"అయితే తిండి సంగతో? పళ్ళెంలో వదలకూడదని మా అమ్మ నేర్పింది. అది కూడా తప్పేనా?" అన్నాడు గుబురయ్య. అతని గొంతు కాస్త తగ్గింది.

"నీ ఇంట్లో అది మర్యాదే. ఆ ఇంట్లో ఖాళీ పళ్ళెం అంటే అతిథికి ఇంకా ఆకలి తీరలేదని. అతిథి ఆకలితో ఉంటే వాళ్ళకు తలకొట్టేసినట్టు. అందుకే నింపుతూ పోయారు. చివరికి పిల్లల వాటా కూడా నీకే పెట్టారు. ఆ రాత్రి ఆ పసివాళ్ళు నీళ్ళు తాగి పడుకున్నారు, తెలుసా? అంత పెట్టిన ఆమెను నలుగురి ముందు పీనాసి అన్నావు. ఒక్క ముక్క వదిలి ఉంటే చాలు. ఒక్క రాత్రి ఆగి ఉంటే చాలు. మన కరువు సంగతి నేను ముందే చెప్పాను, పొద్దున్నే ఇద్దామని ఆమె అప్పటికే పిలకలు తవ్వించి ఉంచింది!"

గుబురయ్య తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

మోదుగమ్మ తల దించింది. కొమ్ములు అతని గుండెకు ఎదురుగా వచ్చాయి. గుబురయ్య పారిపోలేదు. పొడిస్తే పొడవనీ అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కూర్చుని నాలుగు మాటలు నేర్చుకోమంటే నీకు నామోషీ అయింది. ఆ నామోషీకి నా బిడ్డ పోయింది. వచ్చి మాతో అబద్ధం చెప్పావు. నేను ఆ ముసలితల్లిని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను రా! ఎవర్ని తిట్టాలో తెలియక ఆమెను తిట్టుకున్నాను!"

ఆమె పక్కనున్న మొద్దును ఒక్క పోటు పొడిచింది. అది రెండు చెక్కలైంది.

"నిన్ను చంపితే నాకేం వస్తుంది? ఇంకా పక్క మందల్లో దూడలున్నాయి. వెళ్ళు. ఈసారి నేర్చుకుని వెళ్ళు."

ఆ చలికాలమంతా గుబురయ్య చారలమ్మ ముందు కూర్చున్నాడు. రెండు చేతులతో ఇవ్వడం నేర్చుకున్నాడు. ముందు పెద్దల ఆరోగ్యం అడగడం, తర్వాతే పని గురించి మాట్లాడటం నేర్చుకున్నాడు. తప్పు కనబడినా నలుగురి ముందు అనకూడదని నేర్చుకున్నాడు. అన్నిటికన్నా కష్టమైంది చివరి ముద్ద వదలడం. చారలమ్మ ఆకులో రేగుపళ్ళు పోసి, చివరి పండు వదలమనేది. అతని చెయ్యి దానంతట అదే వెళ్ళేది.

"అమ్మ తిడుతుంది" అనేవాడు.

"అమ్మ ఎందుకు వదలొద్దంది?" అని అడిగింది చారలమ్మ ఒకరోజు.

"పెట్టినవాళ్ళను అవమానించినట్టవుతుందని."

"వాళ్ళు ఎందుకు వదలమంటారు?"

గుబురయ్య ఆకులోని పండు వైపు చూశాడు. "పెట్టినవాళ్ళను అవమానించినట్టు కాకూడదని" అన్నాడు మెల్లగా. ఆ రోజు పండు ఆకులోనే ఉండిపోయింది.

ఎండలు ముదరకముందే మళ్ళీ బయలుదేరాడు. పాండాల అడవి చేరగానే పిల్లలు అతన్ని గుర్తుపట్టారు.

"మా వాటా తిన్నది ఈయనే!" అని ఒక పిల్ల పాండా గట్టిగా అరిచింది.

గుబురయ్య అందరి ముందూ వంగి నిలబడ్డాడు. "అవునమ్మా, నేనే. అవ్వా, మిమ్మల్ని నలుగురి ముందు అనరాని మాట అన్నాను. అందుకే నలుగురి ముందే చెబుతున్నాను. తప్పు మీది కాదు, నాది. మీ ఆరోగ్యం బాగుందా?"

తేనెపట్టు రెండు చేతులతో అందించాడు. అవ్వ వద్దంది. "మీకోసమే తెచ్చాను" అన్నాడు. ఆమె మళ్ళీ వద్దంది. కోపం గొంతు దాకా వచ్చింది, దాన్ని అక్కడే ఆపి, ఇంకోసారి బతిమాలాడు. అవ్వ రెండు చేతులతో అందుకుని, విప్పకుండా పక్కన పెట్టింది. ఎందుకు విప్పలేదని గుబురయ్య అడగలేదు. అదీ వాళ్ళ పద్ధతే.

భోజనంలో చివర ఒక వెదురు ముక్క వదిలాడు. ఇంకా తినగలడు. నోరూరుతోంది. అయినా వదిలాడు. అవ్వ ఆ పళ్ళెం వైపు చూసింది. తర్వాత తన పళ్ళెం లాక్కుని, అందులో ఉన్నది ఒక్క ముక్క లేకుండా తినేసింది. మనవలు నివ్వెరపోయారు.

"చారలమ్మ చెప్పింది. మీ దేశంలో ఇది గౌరవమట కదా. పోయినసారి నువ్వు నా తిండిని గౌరవించావు, నాకే తెలియలేదు. నేనూ అడగాల్సింది" అంది అవ్వ.

గుబురయ్యకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి పని మాట ఎత్తలేదు. తెల్లవారాక అవ్వ తడి నాచులో చుట్టిన పిలకలు మోయగలిగినన్ని ఇచ్చింది.

తొలకరికి వాటిని నాటారు. ఆ వానల్లోనే కొమ్ములు నేల చీల్చుకుని వచ్చాయి. గుబురయ్య మొట్టమొదటి కొమ్ము విరిచి, రెండు చేతులతో పట్టుకుని మోదుగమ్మ దగ్గరకు వెళ్ళాడు.

"వద్దు" అంది మోదుగమ్మ.

గుబురయ్య మళ్ళీ బతిమాలబోయి ఆమె ముఖం చూశాడు. ఇది మొహమాటానికి అన్న వద్దు కాదు. ఆ తేడా ఇప్పుడు అతనికి తెలుసు. చేతులు దించాడు.

"పక్క మందలో దూడకి పెట్టు. నా కోపం పోలేదు గుబురయ్యా. పోదు కూడా" అంది మోదుగమ్మ.

"పోకూడదమ్మా" అన్నాడు గుబురయ్య. వెళ్ళి ఆ కొమ్ము పక్క మందలో దూడ నోటికి అందించాడు. అది నమిలే చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

నీతి: ఒకరి గడప తొక్కకముందే వాళ్ళ మర్యాదలు నేర్చుకోండి. నేర్చుకోకపోతే ఆ శిక్ష మీకు పడకపోవచ్చు, మీ చేతుల వైపు ఆశగా చూసే పసివాళ్ళకు పడుతుంది.